ఏమడిగినా ఆఁ అను

తప్పు నాది. మొదట్లోనే రాసేస్తున్నాను, చివర్లో ఒప్పుకుందామనుకుంటే మధ్యలో ఎక్కడో జారుకుంటాను. పాత కంప్యూటర్లో లినక్స్ ఎలా ఎక్కించుకోవాలో ఏమీ తెలియనివాళ్ళకు కూడా అర్థమయ్యేలా చెబుతానని బయలుదేరి, వాట్సాప్‌లో వరసగా ముక్కలు ముక్కలుగా గొంతు రికార్డు చేసి పంపాను. అన్నీ చెప్పాను. ఒక్కటి మాత్రం చెప్పలేదు. అది చాలదన్నట్టు, "అది ఏమడిగినా ఆఁ అను" అని ఒక మాట ఎక్కువ చెప్పాను.

ఇక్కడి నుంచి నన్ను నేను గిరి అనే రాసుకుంటాను. 'నేను' అంటూ పోతే రెండో పేజీకల్లా నా తప్పును నేనే సగం మాఫీ చేసేసుకుంటాను, నా సంగతి నాకు తెలుసు. ఈ కథ మల్లీశ్వరిది. ఆమె మనసులో ఏమనుకుందో వీడికెలా తెలుసని అడగకండి. మల్లీశ్వరి మనసులో ఏదీ ఉంచుకోదు. తిట్టిన ప్రతిసారీ మొదటి నుంచి మొత్తం చెప్పుకొస్తుంది. వినీ వినీ గిరికి కంఠస్థమైంది.

కొత్తకోటలో బెంగుళూరు రోడ్డు మీది లారీల దుమ్ము నేరుగా లోపలికి వచ్చే జాగాలో ఉంటుంది మల్లీశ్వరి జిరాక్స్ షాపు. ఒక జిరాక్స్ మిషను, ఒక లామినేషన్ మిషను, ఒక కంప్యూటరు, ఒక బల్ల. ఆధార్ కాపీలు, హాల్‌టికెట్లు, గొర్ల ఇన్సూరెన్స్ కాగితాలు, పెండ్లి పత్రికలు. ఆమెకు కోపం పొద్దున షట్టరుతోపాటు లేస్తుంది, సాయంత్రం షట్టరుతోపాటు దిగుతుంది. మధ్యలో ఎవరొచ్చినా వాళ్ళ వాటా వాళ్ళకు దొరుకుతుంది. అయినా ఊరివాళ్ళు పక్కన ఉన్న ఏసీ షాపుకు పోరు. ఎందుకంటే ఆమె తిడుతూనే కాగితంలో తప్పు పట్టుకుంటుంది. "తండ్రి పేరు కాడ నీ పేరు రాసుకున్నవ్. నిన్ను నువ్వే కన్నవా?" అని అడిగి, దిద్దించి, అప్పుడు కాపీ తీస్తుంది.

ఈ పట్టుకోవడం ఆమెకు తండ్రి దగ్గర అబ్బింది. మల్లప్ప ఒగ్గు కథ చెప్పేవాడు. ఆటోలో పోయేంత దూరంలో ఊరు, మంద కాచే కురుమల ఇల్లు. మల్లప్పకు గొర్లు తక్కువ, గొంతు ఎక్కువ. ఒగ్గు కథలో చెప్పేవాడు ఒకడైతే, మాట మాటకూ "ఆఁ" అని, "గట్లనా?" అని, "మల్లేమాయె?" అని కథను ముందుకు తోసేవాడు ఇంకొకడు. అతన్ని వంత అంటారు. దేవుడి ముందు రంగుల ముగ్గుతో పట్నం వేసి కథ చెప్పే చోట ఆడపిల్లను నిలబెట్టరు. కానీ సాధన చేయడానికి పట్నమెందుకు, మంద మేసే గుట్ట చాలు. మల్లీశ్వరి చిన్నతనమంతా ఆ గుట్టల మీద తండ్రికి వంతగా గడిచింది.

మల్లప్పకు ఒక అలవాటుండేది. బిడ్డ నిద్రపోతున్నదా వింటున్నదా అని చూడటానికి కథ మధ్యలో కావాలని అడ్డంగా పోయేవాడు.

"అప్పుడు గా గొర్రె దూడను ఈనింది," అనేవాడు, అదే రాగంలో.

"ఆఁ," అనేది అరనిద్రలో మల్లీశ్వరి.

నెత్తిమీద కట్టెతో టక్కున ఒకటి పడేది. "గొర్రె దూడను ఈనుతదానే? వంత అంటే ఆఁ అనుడొక్కటే కాదు బిడ్డా. కథ తప్పుతే ఆపేది గూడ వంతనే."

కొన్నాళ్ళకు ఆమెను పట్టుకోవడం మల్లప్ప తరం కాలేదు. ఆయన నోరు తెరిచేలోపే "ఆగు నాయినా" అనేది.

కిందటేడు ఎండాకాలంలో మల్లప్ప గొంతులో గడ్డ లేచింది. హైదరాబాద్ దవాఖానలో ఆపరేషన్ చేశారు. మనిషి మిగిలాడు, గొంతు మిగల్లేదు. ఆపరేషన్‌కు ముందే, ఇట్లా అవుతుందని డాక్టర్ చెప్పగానే, మల్లీశ్వరి తండ్రిని షాపులో కూర్చోబెట్టి, సగం షట్టరు దించి, మొత్తం కథ ఫోనులో రికార్డు చేసింది. డోలు లేదు, తాళాలు లేవు, ఒట్టి గొంతు. ఫోను నిండిపోతే అవన్నీ కంప్యూటర్లోకి మార్చి, 'నాయిన' అని పేరు పెట్టి దాచింది. మల్లప్ప గొంతు ఈ లోకంలో ఉన్నది ఆ ఒక్క చోటే.

ఆ కథ ఇప్పుడు గుర్వయ్యకు కావాలి. గుర్వయ్య మల్లప్ప పక్కన పాతికేళ్ళకు పైగా డోలు కొట్టినవాడు. ఈ మాఘమాసంలో ఊళ్ళో పట్నం వేసినప్పుడు మల్లప్ప జాగాలో నిలబడి కథ చెప్పవలసింది ఆయనే. డోలు కొట్టేవాడికి కథ చెవిలో ఉంటుంది, నోట్లో ఉండదు. రికార్డులు విని నేర్చుకుంటానని, పెన్‌డ్రైవ్ కొనుక్కొని వస్తానని చెప్పాడు.

సరిగ్గా అదే రోజుల్లో కంప్యూటరు ఆమెను రోజూ బెదిరించడం మొదలుపెట్టింది. ఈ యంత్రం పాతబడింది, కొత్త సిస్టం దీనికి ఎక్కదు, కొత్త కంప్యూటరు కొనుక్కో అని తెర నిండా నోటీసు.

"ఇన్నేండ్ల సంది బువ్వ పెట్టినదాన్ని పనికిరాదనేతందుకు వీడెవడు?" అని మల్లీశ్వరి దానికి ఎదురు తిరిగింది. పాత యంత్రాల మీద కూడా నడిచే లినక్స్ అనే సిస్టం ఒకటి ఉందని, పైసా అడగదని తెలిసింది. నేర్చుకోవడానికి కూర్చుంది. అసలు కోపం అక్కడ మొదలైంది.

'మొట్టమొదటిసారి నేర్చుకునేవారి కోసం' అని ఇంగ్లీషులో ఒక పేజీ దొరికింది. మొదటి పేరాలోనే లినక్స్‌లో ఏ రకం కావాలో తేల్చుకోమంది. రకాలు చూస్తే చాటెడు. అంగడిలో ఉల్లిగడ్డలు అడిగితే, నువ్వు ఏ భూమిలో పండిన ఉల్లిగడ్డ తినే మనిషివో ముందు తేల్చుకొని రా అన్నట్టుంది. ఇంకొక వీడియోలో ఒక పిల్లగాడు తెలుగులోనే చెబుతున్నాడు. బాణం గుర్తు తెర మీద ఈగలా తిరుగుతోంది. "ఇది మీకు తెలిసిందే కదా, వదిలేద్దాం," అంటాడు ప్రతి రెండు నిమిషాలకు. "తెలిసుంటే నీ మొకం చూసుకుంట ఎందుకు కూసుంటరా!" అని మల్లీశ్వరి తెర మీద అరిస్తే, ఆధార్ కాపీకి వచ్చిన ముసలాయన తననే అనుకొని బయట నిలబడ్డాడు.

ప్రశ్నలడిగే చోటు ఒకటి ఉందంటే అక్కడా అడిగింది. ఒకడు "ముందు మాన్యువల్ చదువు" అన్నాడు. ఇంకొకడు, ఇది ఇదివరకే అడిగారు, అక్కడ చూసుకో అని లింకు ఇచ్చాడు. నొక్కితే ఆ పేజీ లేదని వచ్చింది.

"తోవ చెప్పమంటే పోయినోళ్ళ అడుగులు చూడమన్నడు," అంది మల్లీశ్వరి. "పోయి చూస్తే ఆడ వాన వడ్డది."

చివరికి ఆ పేజీకే భాష తెలుగు పెట్టుకొని చూసింది. ఇన్‌స్టాల్ అన్న చోట 'స్థాపించు' అని వచ్చింది. "స్థాపించెతందుకు ఇదేమన్న విగ్రహమా?" అని మూసేసింది.

అప్పుడే గిరి దూరాడు. గిరి అంటే బస్టాండు వెనక ఫోన్లు బాగుచేసే పోరడు. డిగ్రీ మధ్యలో వదిలేసి, కంప్యూటర్లు విప్పి చెడగొట్టి, చెడగొట్టినవి బాగుచేసి, అట్లా నేర్చుకున్నవాడు. ఒకసారి మల్లీశ్వరి ప్రింటరు బాగుచేయడానికి వచ్చి, కంప్యూటరు తెరిచినప్పుడల్లా గొర్రె అరిచేటట్టు చేసి పోయాడు. ఆమె వారం రోజులు తిట్టింది. తీసేయమని మాత్రం అనలేదు.

"పుస్తకాలిడిచిపెట్టక్కా," అన్నాడు గిరి. "నీకు ఒగ్గు కథ లెక్క చెప్త. నేను చెప్తుంట, నువ్వు ఆఁ అంటుండు. అయిపోతది."

నారాయణపేటలో ఒక చీరెల షాపు కంప్యూటరు చూడటానికి పోతూ, బస్సెక్కే ముందు లినక్స్ పెన్‌డ్రైవ్ ఆమె చేతిలో పెట్టాడు. గొంతు ముక్కలు ముందురోజే బిస్కెట్ డబ్బాను డోలు చేసుకొని, రాగం తీసి, తనకు తానే నవ్వుకుంటూ చేశాడు.

"విను విను మల్లక్కా! పెన్‌డ్రైవ్ పెట్టినవా? ఆఁ అను! కంప్యూటర్ బంద్ చేసి మల్ల చాలు చేసినవా? ఆఁ అను! చాలు చేస్తనే ఎఫ్ పన్నెండు బటన్ మీద టకటక కొట్టు, గుర్వయ్య మామ డోలు కొట్టినట్టు కొట్టు!" అట్లా సాగి, ఆఖరి ముక్కలో, "ఇగ అది ఇంగ్లీషుల ఏదేదో అడుగుతది. ఫికర్ చెయ్యకు. నువ్వు పుట్టు వంతవి. ఏమడిగినా ఆఁ అను. ముందుకు వో!"

నిజం చెప్పాలంటే అది మల్లీశ్వరికి నచ్చింది. ఇన్నాళ్ళకు ఒకడు ఆమె తెలిసిన తీరులో చెప్పాడు. షాపులో గిరాకీ లేని మధ్యాహ్నం చూసి మొదలుపెట్టింది. ఒక్కో ముక్క వింటూ, ఒక్కో బటన్ నొక్కుతూ పోయింది. చివరి దగ్గర తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. డిస్కు మొత్తం తుడిచి ఎక్కించమంటావా అని.

ఆమె వేలు ఆగింది.

తుడవడమంటే ఆమెకు తెలియక కాదు. ఇంటికి సున్నం వేసేటప్పుడు గోడలు గీకుతారు, తుడుస్తారు. బీరువాలో చీరెలు పారేయరు కదా. పాత సిస్టంను తుడుస్తుందేమో అనుకుంది. అయినా అనుమానం తీరక గిరి ఆఖరి ముక్క మళ్ళీ పెట్టుకుంది. డబ్బా మోగింది. "ఏమడిగినా ఆఁ అను. ముందుకు వో!"

మల్లీశ్వరి ఆఁ అంది.

కాసేపటికి కొత్త తెర వచ్చింది. నీలిరంగు కొండలు. ముసలి కంప్యూటరు లేగదూడలా ఉరకడం మొదలుపెట్టింది. ఆమె నిజంగానే సంబరపడింది. అప్పుడే గుర్వయ్య చెప్పులు విడిచి లోపలికొచ్చాడు, చేతిలో కాగితం పొట్లంలో పెన్‌డ్రైవ్.

"బిడ్డా, మీ నాయిన కథంత గిండ్ల పట్టిస్తవా?"

"కూసో చిన్నాయినా. కొత్త సిస్టం ఏసిన. సూడు ఎట్ల ఉరుకుతుందో."

'నాయిన' కోసం వెతికింది. లేదు. ఇంకోచోట వెతికింది. అక్కడ తెల్లగా ఉంది. అన్ని చోట్లా తెల్లగా ఉంది, సున్నం వేసిన ఇల్లులా.

"ఏమైంది బిడ్డా?"

"ఏం కాలే."

"ఏం కాలేదంటున్నవ్, తెరిచిందే మల్ల మల్ల తెరుస్తున్నవ్."

ఆమె ఫోను తీసి గిరికి చేసింది. "గిరిగా, నాయిన ఏడ వోయిండు?"

నారాయణపేటలో చీరెల మధ్య కూర్చున్న గిరికి అది వేళాకోళంలా వినిపించింది. "మంద కాడ సూడక్కా, పొట్టేలుకు కథ చెప్తుండేమో!"

"కంప్యూటర్ల ఉండె రా నాయిన."

గిరి నవ్వు ఆగిపోయింది. "ఏది ఒత్తినవక్కా?"

"నువ్వు చెప్పిందే ఒత్తిన."

"కరెంట్ తీసెయ్. ఏం ముట్టకు. వస్తున్న."

గిరి వచ్చేసరికి షాపు నిండా జనం. కంప్యూటరు బందయి ఉంది, గుర్వయ్య మూలకు కూర్చొని ఉన్నాడు, మల్లీశ్వరి జిరాక్స్ తీస్తూనే ఉంది. అప్పుడు గిరి తన జీవితంలోకెల్లా తెలివితక్కువ మాట అన్నాడు.

"ముందుగాల కాపీ పెట్టుకోవాలె గదక్కా. ఎవలైనా పెట్టుకుంటరు."

మల్లీశ్వరి మిషను ఆపింది. "ఎవలైనా అంటే ఎవలు?"

"అంటే... అందరు..."

"నేను పెట్టుకోలే. అంటే నేను అందర్ల లేనా? ఏ ముక్కల చెప్పినవో సూపియ్."

"అక్కా, జనాలున్నరు."

"ఉండనీ. ఇననీ. ఏ ముక్కల చెప్పినవ్?"

ఫోను బల్ల మీద పెట్టి, మొదటి ముక్క నుంచి నొక్కింది. డబ్బా డోలు మోగింది. "విను విను మల్లక్కా!" అని గిరి గొంతు షాపంతా పరుచుకుంది. రేషన్ కార్డు కాపీకి వచ్చిన ఒకావిడ, ఏం జరిగిందో తెలియక, "పోరడు మంచిగ చెప్తుండు గద," అని మెచ్చుకుంది. ఒక పెద్దాయన కాలుతో తాళం వేశాడు. గిరికి భూమి చీలితే బాగుండునని అనిపించింది. ముక్క తర్వాత ముక్క నడిచింది. ప్రతి ముక్క అయ్యాక మల్లీశ్వరి అడిగింది: "దీంట్ల ఉన్నదా?" గిరి తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ ఇంకో ముక్క. "దీంట్ల?" చివరి ముక్క అయిపోయింది. కాపీ అన్న మాట ఎక్కడా లేదు.

"నువ్వు నీ కంప్యూటర్ని సూస్కుంట చెప్పినవ్ రా," అంది మల్లీశ్వరి. గొంతు పెంచలేదు, అందుకే గిరికి ఎక్కువ భయమేసింది. "నీ దాంట్ల ఏమున్నది? ఆటలు, దొంగ సినిమాలు. తుడిస్తే దుమ్ము వోయినట్టు. మంది కంప్యూటర్లల్ల మంది బతుకులుంటయ్. గా ఇంగ్లీషోడు గంతే, గా వీడియో పోరడు గంతే, నువ్వూ గంతే. మీకు తెలిసింది మీరు చెప్పుకుంట పోతరు. మాకు తెల్వంది ఏందని ఒక్కడన్న అడిగినోడున్నడా?"

"తప్పయిందక్కా."

"తప్పు కాదు. గొర్రె దూడను ఈనిందని చెప్పినవ్." ఆమె బల్ల మీది ఫోను తీసుకుంది. "నేను ఆఁ అన్న."

పోయినవి వెతికే ప్రోగ్రాం ఒకటి ఉంటుంది. గిరి ఆ డిస్కును విప్పి తీసుకుపోయి, తన యంత్రానికి తగిలించి, తిండి మానేసి కూర్చున్నాడు. తుడిచినదాని మీద కొత్త సిస్టం ఎక్కి కూర్చున్నది కాబట్టి దొరికినవి దొరికినట్టు, పేర్లు లేకుండా, చిరిగిపోయి వచ్చాయి. ఎవరెవరివో ఆధార్ కార్డులు. హాల్‌టికెట్లు. ఒక పెండ్లి పత్రికలో సగం. ఇంకా కొన్ని గొంతు ముక్కలు. షాపుకు తెచ్చి, వాటిని వినిపించాడు. లారీ హారన్. మల్లప్ప దగ్గు. సాసర్లో చాయ్ ఊది తాగిన చప్పుడు. మల్లీశ్వరి గొంతు స్పష్టంగా: "ఆఁ... మల్లేమాయె నాయినా?" ఆ తర్వాత బర్రుమని చీలిపోయిన శబ్దం.

"బాగ దొరికింది," అంది మల్లీశ్వరి. "నా ఆఁ దొరికింది. చాయ్ దొరికింది. కథొక్కటే పాయె."

గిరి కొంచెం ధైర్యం చేసి, "ఇంకో ప్రోగ్రాం ఉన్నదక్కా," అన్నాడు.

"దాన్ని ఎట్ల వాడాలెనో రాసినోడు గూడ నీ అసొంటోడే ఉంటడు. వద్దు."

ఆ ఆదివారం ఆమె గుర్వయ్యను వెంటబెట్టుకొని ఊరికి పోయింది. గిరి పిలవకుండానే వెనకాల బండి మీద పోయాడు. మల్లప్ప గొర్ల దొడ్డి దగ్గర నులకమంచం మీద కూర్చొని ఉన్నాడు. మల్లీశ్వరి చుట్టూ తిప్పలేదు. "నాయినా, నీ కథ పోగొట్టిన. గొర్రె దూడను ఈనిందంటే ఆఁ అన్న," అంది.

మల్లప్ప ఆమెను దగ్గరికి రమ్మని సైగ చేశాడు. కట్టె ఎత్తి, చిన్నప్పటిలాగే, నెత్తిమీద టక్కున ఒకటి వేశాడు. తర్వాత అదే కట్టెను గుర్వయ్య వైపు చూపించాడు. చెప్పు, అన్నట్టు.

గుర్వయ్య తడుముకుంటూ మొదలుపెట్టాడు. తెలిసినంత దూరం పోయి ఆగాడు. అప్పుడు మల్లీశ్వరి అడిగింది. చెప్పేవాడి మాటలు ఆమెకు పూర్తిగా యాదికి లేవు, కానీ వంత అడిగే ప్రశ్నలన్నీ వరసగా ఉన్నాయి. "బాయి కాడ ఆమె ఏమన్నది చిన్నాయినా?" "కడవ ఎవలు ఎత్తిన్రు?" ప్రశ్న వినగానే గుర్వయ్య చెవిలో ఉన్న జవాబు నోట్లోకి వచ్చేది. తప్పు చెబితే మల్లప్ప కట్టె నేలను కొట్టేది. పట్నం దాకా దొరికిన ప్రతి ఆదివారం అట్లానే గడిచింది. గుర్వయ్యకు కథ పట్టుబడింది.

ఒక్క చోట తప్ప. కథలో వానకు మంద చెదిరిపోయే ముక్క ఒకటుంది. అక్కడ డోలు ఉరుములా మోగుతుంది. పాతికేళ్ళూ ఆ ఉరుము గుర్వయ్యదే, కాబట్టి దాని కింద మల్లప్ప ఏం పాడాడో ఆయనకు ఎన్నడూ వినపడలేదు. ఆ ముక్కలో వంత పలకకూడదు, కాబట్టి మల్లీశ్వరి దగ్గర అడగడానికి ప్రశ్న లేదు. గుట్టల మీద విన్నది చిన్నప్పటి సంగతి, ఒక్కో వానకు ఒక్కో తీరుగా పాడేవాడు. రికార్డు చేసిన నాడు ఒక్కసారి విన్నది మనసులో నిలవలేదు. డోలు లేకుండా ఆ పాట ఉన్నది ఆ ఒక్క రికార్డులోనే. మల్లప్ప పెదవులు కదిపి చూపించాడు. మాటలైతే పట్టుకోవచ్చు, అది రాగం.

పట్నం రోజున గుర్వయ్య బాగానే చెప్పాడు. ఆడవాళ్ళ మధ్య కూర్చున్న మల్లీశ్వరి, ఆయన తడబడ్డ చోట "ఆగు చిన్నాయినా, కడవ ఎవలు ఎత్తిన్రు?" అని అక్కడి నుంచే కేక వేసింది. కొందరు పెద్దలు మొహాలు చిట్లించారు. గుర్వయ్య మాత్రం ఊపిరి పీల్చుకొని అందుకున్నాడు. వాన ముక్క వచ్చింది. ఈసారి డోలు వేరేవాడి చేతిలో ఉంది. డోలు మోగింది. ఒట్టి డోలు. ముందు వరసలోని ముసలివాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. "ఈడ ఒక పాట ఉండాలె గద," అన్నాడు ఒకాయన. ఆ మోతలో పక్కన కూర్చున్న మల్లప్ప పెదవులు మొత్తం పాట పాడాయి. గిరి చూశాడు. గిరి చూశాడని మల్లీశ్వరి కూడా చూసింది.

తెల్లారి షాపుకు పిలిపించింది. "డబ్బా తెచ్చినవా?"

"ఏం డబ్బా అక్కా?"

"డోలు కొట్టినవ్ గద, గా డబ్బా. మల్ల చెప్పు. మొదటి నుంచి. ఈసారి వంత నేను. నీ ఇంట్ల గాదు, నా ముంగట రికార్డ్ చెయ్యి."

గిరి గొంతు సవరించుకున్నాడు. "సింపుల్‌గ చెప్పాలంటే..."

"ఆగు. ఎవలకు సింపుల్?"

"...మొదలు పెన్‌డ్రైవ్‌ను బూటబుల్ చెయ్యాలె."

"ఆగు. అంటే?"

"అంటే, కంప్యూటర్ నిద్ర లేస్తనే లోపలున్న దాన్ని గాకుండ, పెన్‌డ్రైవ్‌ల ఉన్నదాన్ని సదివేటట్టు."

"గట్ల చెప్తే నీ నోరేమన్న పోతదా? మల్ల మొదలు."

గంటలు గడిచాయి. గిరాకీలు వస్తున్నారు, పోతున్నారు. గిరి "టెర్మినల్, అంటే హుకుంలు టైపు చేసే కిటికీ, తెరువుండ్రి" అంటే "ఆగు. నల్లగ వస్తది. నేనైతే ఖరాబైందనుకుంట" అంది. "ఖరాబ్ గాదక్కా, అది గట్లనే ఉంటది" అంటే "మరి గది చెప్పినవా?" అంది. "పాస్‌వర్డ్ కొట్టుండ్రి" అన్నాడు. "ఆగు. కొడుతుంటే ఏం కనిపిస్తలే. చుక్క గూడ వస్తలే."

"కనిపియ్యది గని పడుతుంది."

"నేను గా దినం కీబోర్డ్ వోయిందని వైరు గుంజి మల్ల పెట్టిన. నీకు తెల్సు గనుక నువ్వు చెప్పలే. తెల్సినోని రోగమే గిది. చెప్పు."

గిరికి ఏడుపు ఒక్కటే తక్కువ. కంప్యూటర్లు తనంతట తాను నేర్చుకున్నానని ఇన్నాళ్ళు రొమ్ము విరుచుకున్నాడు. ఎన్ని చోట్ల పడి లేచాడో ఆ గాయాలన్నీ మరిచిపోయాడని, మరిచిపోయిన చోటల్లా ఇంకొకరు పడతారని, ఆమె "ఆగు" అన్న ప్రతిసారీ ఒక్కొక్కటిగా యాదికొచ్చింది. పేర్లు తెలిసినంత మాత్రాన చెప్పడం రాదని ఆ రోజు తెలిసింది. ఆ తెలివి అంత తియ్యగా ఏమీ లేదు.

చివరికి మొత్తం కుదిరాక, గిరి లేవబోయాడు. మల్లీశ్వరి కూర్చోమంది.

"మొదలు ఇంకా రాలే."

"మొదలు ఎప్పుడో అయిపాయె గదక్కా."

"కాలే. పెన్‌డ్రైవ్ కన్న ముందుంది మొదలు. నేను చెప్త, నువ్వు ఆఁ అను." ఫోను దగ్గరకు లాక్కుని ఆమే చెప్పింది. "ఇంటున్నోళ్ళు ఎవలైనా గానీ, ముందుగాల చెయ్యి తీసి ఒళ్ళె పెట్టుకోండ్రి. పోతే మల్ల దొరకంది మీ కంప్యూటర్ల ఏమున్నది? యాదికి తెచ్చుకోండ్రి. దాన్ని తీసి వేరేకాడ పెట్టుండ్రి. పెట్టినమని ఊకోకుండ్రి, ఆడ తెరిచి సూడుండ్రి, ఇనుండ్రి. అప్పుడు రాండ్రి. ఇది తెర అడగది. ఎవడు అడగడు. గందుకే నేను అడుగుతున్న."

గిరి ఆఁ అనడం మరిచి, ఆ ముక్కను అన్నిటికన్నా ముందు పెట్టాడు.

ఇప్పుడు ఆ ముక్కలు వాట్సాప్‌లో ఊరూరా తిరుగుతున్నాయి. మొన్న అచ్చంపేట నుంచి ఎవరో ఫోను చేసి, "ఆ తిట్టే అక్క ఎవలన్నా? ఆమె తిట్టబట్టి నా బిడ్డ ఫోటోలు మిగిలినయ్," అన్నారు. గిరి పరుగెత్తుకుంటూ షాపుకు పోయి ఆ మాట చెప్పాడు. మల్లీశ్వరి ఎవరిదో హాల్‌టికెట్ లామినేషన్ మిషనులోకి తోస్తోంది. తల ఎత్తలేదు. మిషను ఇవతల కాగితం వేడివేడిగా బయటికొచ్చేదాకా ఆగి, ఇంత మంచి వార్త తెచ్చాను కదా అన్న ధీమాతో, గిరి తన పాత వేషం మళ్ళీ వేశాడు. బల్ల మీద వేళ్ళతో డోలు కొట్టాడు.

"విను విను మల్లక్కా! ఇగ నన్ను మాఫ్ చేసినట్టేనా? ఒక్క ఆఁ అను!"

మల్లీశ్వరి హాల్‌టికెట్ అంచు కత్తిరించి, గిరి మొహం వంక చూసింది.

"గొర్రె దూడను ఈనిన దినం రా. గప్పుడంట."